ఇన్‌చార్జీల చేతుల్లో సర్కారు బడి

(ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఉద్యోగుల సదస్సులో ఒక రిటైర్డ్ ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)





నాకు ఇచ్చిన అంశం ‘ప్రభుత్వ పాఠశాలల్లో నాయకత్వం, సంస్కృతి’. ఈ రెండు మాటలు వినంగనే ట్రైనింగుల్లో గోడ మీద చూపించే బొమ్మలు యాదికి వస్తయి. ఒక గుండ్రం గీసి మధ్యలో ‘నాయకుడు’ అని రాస్తరు, చుట్టూ బాణాలు పెడ్తరు. అట్లాంటి ట్రైనింగులు నేను చానా చూసిన. వాటిల్లో మధ్యాహ్న భోజనం మాత్రం మంచిగుంటది. నేను ఆ బాణాల సంగతి చెప్పను. ఒక చిన్న ప్రశ్న అడుగుత. మీ ఊరి బడికి హెడ్మాస్టర్ ఎవరు?

ఇక్కడున్నోళ్లలో సగం మందికి జవాబు తెల్వదు. అది మీ తప్పు కాదు. చానా ఊర్ల బడికి హెడ్మాస్టర్ అనేటాయన లేడు. ఇన్‌చార్జి ఉన్నడు.

మన సర్కారు బడి కథను ఒక్క మాటలో చెప్పమంటే నేను ఈ మాటే చెప్త: ఇన్‌చార్జి. ఇది ఎట్ల పనిచేస్తదో కొంచెం వివరంగ చూద్దాం. ఎందుకంటే బయటి జనానికి ఇది తెల్వదు, లోపలున్నోళ్లకు అలవాటైపోయింది.

ప్రాథమిక పాఠశాలతో మొదలుపెడదాం. మన రాష్ట్రంలో ఒక్కరే టీచర్ ఉన్న బడులు వేల సంఖ్యలో ఉన్నయి. ఆ ఒక్కాయనే ఒకటి నుంచి ఐదు తరగతులకు పాఠం చెప్పాలె, రిజిస్టర్ రాయాలె, బియ్యం లెక్క చూడాలె, మీటింగుకు పోవాలె. ఆయన మీటింగుకు పోయిన్నాడు బడికి పక్క ఊరి టీచర్ రావాలె, లేకుంటే తాళం పడాలె. ఇద్దరుంటే సీనియర్ ఎవరో ఆయన హెడ్మాస్టర్. పోస్టు లేదు, పే స్కేలు లేదు, చార్జి మాత్రం ఉన్నది. కొన్ని బడులకు ఎల్‌ఎఫ్‌ఎల్ హెడ్మాస్టర్ అనే పోస్టు ఉన్నది. ఆ పేరుకు అర్థం చానామంది టీచర్లకే తెల్వదు. ‘లో ఫిమేల్ లిటరసీ’. ఆడవాళ్ల అక్షరాస్యత తక్కువున్న ప్రాంతాల కోసమని ఒకప్పుడు పుట్టించిన పోస్టులవి. ఆ ప్రాంతాల లెక్కలు మారినా పేరు మాత్రం హెడ్మాస్టర్‌కు తోకలాగ అతుక్కున్నది. ప్రాథమిక బడికి ఒక పెద్ద దిక్కు ఉండాలె అనే మామూలు ఆలోచనతో పుట్టిన పోస్టు కాదది. ఇంకేదో స్కీము కింద వచ్చి మిగిలిపోయింది. ప్రాథమిక బడి నాయకత్వానికి మనం ఇచ్చిన విలువ అంత.

ఇప్పుడు మండలానికి పోదాం. మండల విద్యాధికారి, అంటే ఎంఈవో. ఈ పోస్టు ఏండ్ల తరబడి ఇన్‌చార్జీలతోనే నడిచింది. మండలంలో సీనియర్ హైస్కూల్ హెడ్మాస్టర్‌కు ఆ చార్జి ఇస్తరు. ఒక్కోసారి రెండు మూడు మండలాలు కలిపి ఒక్కరికే కట్టబెట్టిన రోజులు కూడా ఉన్నయి. అప్పుడేమైతది? ఆయన సొంత హైస్కూల్ ఆయన చేతుల్లోంచి జారిపోతది. అక్కడ ఒక స్కూల్ అసిస్టెంట్ ఇన్‌చార్జి హెడ్మాస్టర్ అయితడు. ఆ స్కూల్ అసిస్టెంట్ లెక్కల సార్ అనుకోండి, పదో తరగతికి లెక్కలు చెప్పేటాయన ఉండడు. ఆ పీరియడ్‌కు ఫిజికల్ సైన్స్ సార్ పోతడు. ఒక్క పోస్టు ఖాళీ ఉంటే ముగ్గురు తమ పని వదిలి ఇంకొకరి పని చేస్తున్నరు. జిల్లా స్థాయిలో కూడా ఇదే తంతు. 2016 అక్టోబర్‌లో పది జిల్లాలు 31 అయినయి, 2019లో 33 అయినయి. బోర్డులు వెంటనే మారినయి. డీఈవో పోస్టులు మాత్రం అంత తొందరగా రాలేదు. చానా కొత్త జిల్లాలను ఏండ్ల పాటు ఇన్‌చార్జి డీఈవోలే నడిపిన్రు.

ఇన్‌చార్జి చెడ్డోడు అని నేను అంటలేను. వాళ్లలో రాత్రి పది దాకా పనిచేసినోళ్లను నేను ఎరుగుదు. అసలు సమస్య వేరే. ఇన్‌చార్జికి కుర్చీ ఉంటది గని కాలు ఆనదు. ఎన్నిరోజులుంటడో ఆయనకే తెల్వదు. తోటి టీచర్ ఆలస్యంగ వస్తే అడగబోతే ‘నువ్వూ నా కేడరే కదా సారూ’ అంటడు. పైనుంచి అడ్డమైన ఆర్డర్ వస్తే కుదరదు అనలేడు. అంటే రేపు చార్జి తీసి ఇంకొకరికి ఇస్తరు. ఐదేండ్ల తర్వాత ఈ బడి ఎట్లుండాలె అని ఇన్‌చార్జి ఆలోచించడు. ఆ ఆలోచనను మనం ఆయన నుంచి ఆశించే హక్కు కూడా లేదు.

కొట్లాట ఎక్కడ మొదలైంది?

ఈ ఖాళీలు ఎందుకు నిండలేదు? పైసలు లేక అని చెప్తరు. అది సగం నిజం. మిగతా సగం మన ఇంటి కొట్లాట. ఒకప్పటి ప్రభుత్వ పాఠశాలల టీచర్లు ఒక యాజమాన్యం కింద, జిల్లా పరిషత్, మండల పరిషత్ టీచర్లు ఇంకో యాజమాన్యం కింద ఉన్నరు. ఎంఈవో, డిప్యూటీ ఈవో పోస్టులు ఎవరివి అనే పంచాయితీ దశాబ్దాలుగ కోర్టుల్లో తిరిగింది. ఏకీకృత సర్వీసు రూల్స్ అనే మాట వినుకుంటనే ఒక తరం టీచర్లు రిటైరైపోయిన్రు. 2017లో రాష్ట్రపతి ఉత్తర్వులకు సవరణ తెచ్చిన్రు, 2018లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985 నాటి 610 జీవో అంటే ఈ సభలో ఎవరికీ వివరం చెప్పే పని లేదు. స్థానికునికి న్యాయం జరగాలె అని కొట్లాడిన నేల ఇది. అదే నేల మీద రెండు యాజమాన్యాల టీచర్లు ఒకరి మీద ఒకరు స్టే తెచ్చుకుంట కూసున్నరు. సంఘాల నాయకులు నన్ను తిట్టినా సరే, నేను ఈ మాట చెప్పే పోత. ఆ కొట్లాటలో ఓడిపోయింది పీఆర్ టీచరూ కాదు, ప్రభుత్వ టీచరూ కాదు. అజమాయిషీ లేక ఆగమైన బడి ఓడిపోయింది.

ఏండ్ల తరబడి ఆగిన ప్రమోషన్లు 2023, 2024లో వేలమందికి వచ్చినయి. 2024లో 11,062 పోస్టులతో డీఎస్సీ కూడా జరిగింది. మంచిదే. కాదనే పని లేదు. అయితే ప్రమోషన్ వచ్చిన టీచర్‌కు బడిని నడిపే పని ఎవరు నేర్పుతున్నరు? ఇరవై ఏండ్లు జీవశాస్త్రం చెప్పిన టీచరమ్మ ఒక సోమవారం పొద్దున గెజిటెడ్ హెడ్మాస్టర్ అయితది. ఆ రోజు నుంచి బిల్లులు, క్యాష్‌బుక్, కోర్టు నోటీసులు, తల్లిదండ్రుల లొల్లి, తోటి టీచర్ల అలకలు అన్నీ ఆమె మీద పడ్తయి. గుమాస్తా ఉంటే గుమాస్తా నేర్పుతడు. లేకుంటే పక్క మండలం హెడ్మాస్టర్‌కు ఫోన్ చేసి అడుగుతది. ఆమెకు మనం ఇచ్చే శిక్షణ అంతే.

సదర్ ముదర్రిస్ నుంచి యాప్ దాకా

కొంచెం వెనక్కి పోదాం. నిజాం కాలంలో హెడ్మాస్టర్‌ను సదర్ ముదర్రిస్ అనేటోళ్లు. తనిఖీకి మోహతమీమ్ తాలీమాత్ వచ్చేటోడు. చదువు ఉర్దూలో, ఇంట్లో మాట తెలుగులో. ఊర్లో ఎవరన్న సొంతంగ ఖాన్గీ బడి పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలె. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభలు ఈ ఆంక్షలు ఎత్తేయాలని తీర్మానాలు చేసినయి. అంటే ఊరు తన బడిని తాను నడుపుకునే హక్కు మన రాజకీయాల్లో మొదటి నుంచీ ఉన్న డిమాండ్. 1952 ముల్కీ ఉద్యమం కూడా వరంగల్‌లో టీచర్ల నియామకాల పంచాయితీతోనే రాజుకున్నది. బడి ఉద్యోగం దగ్గర మొదలైన నిప్పు సెప్టెంబర్ నాటికి హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర కాల్పుల దాకా పోయింది. మలిదశ ఉద్యమంలో మనం జయశంకర్ గారిని, కోదండరాం గారిని ఏమని పిలిచినం? సార్ అని పిలిచినం. మంత్రి పదవి ఉన్నోళ్లను కాదు, పాఠం చెప్పినోళ్లను పెద్ద దిక్కు అనుకున్నం. అట్లాంటి తెలంగాణలో బడి సార్‌కు తన బడిలో మాట చెల్లకపోవడం ఏంది?

ఆ కాలం అంత బంగారం అని చెప్తలేను. బెత్తం ఉండె, కులం ఉండె, ఆడపిల్లలు బడికి రాకపోదురు. అయితే తనిఖీ అనేది తనిఖీ లాగ ఉండె. ఇన్‌స్పెక్టర్ తరగతి వెనక బల్ల మీద కూసొని పాఠం మొత్తం వినేటోడు. పిల్లల నోట్‌బుక్కులు చూసేటోడు. విజిట్ బుక్‌లో ఏం బాగున్నదో, ఏం బాగలేదో రాసి సంతకం పెట్టేటోడు. ఇప్పుడు తనిఖీకి వచ్చినాయన మొదలు ఫోటో తీస్తడు. ఫోటో గ్రూపులో పెట్టినంక చాయ తాగి పోతడు. తరగతి గదిలకు పోయే తీరిక ఉండదు, మధ్యాహ్నం ఇంకో బడిలో ఇంకో ఫోటో ఉంటది.

హెడ్మాస్టర్ పొద్దుగాల బడికి రాంగనే చేసే మొదటి పని ఫోన్ తీసుడు. పిల్లల హాజరు యాప్‌లో, భోజనం లెక్క యాప్‌లో, యూనిఫాం, పుస్తకాల లెక్కలు ఇంకో చోట. 2025 ఆగస్టు నుంచి టీచర్ల ముఖం కూడా ఫోన్‌కే చూపించాలె. డుమ్మా కొట్టే టీచర్‌ను పట్టుకోవద్దని నేను అనను. డుమ్మా సార్ల వల్ల సర్కారు బడి పరువు ఎంత పోయిందో నాకు తెలుసు. ముఖం గుర్తుపట్టే యాప్ టీచర్ వచ్చిండా లేదా చెప్తది. వచ్చినాయన పాఠం చెప్పిండా, ఆ పాఠం మూడో వరుస పిల్లకు అర్థమైందా అనేది చెప్పదు. అది చూడాల్సిన మనిషి హెడ్మాస్టర్. ఆయన సిగ్నల్ కోసం చెట్టు కింద నిలబడి ఉన్నడు.

సంస్కృతి అంటే గోడమీది రంగులు కాదు

బడి సంస్కృతి అనంగనే అధికారులు గోడల మీద రైలు బొమ్మ వేయిస్తరు. అందంగనే ఉంటది. నా లెక్కలో బడి సంస్కృతి అంటే ఎవరూ చూడనప్పుడు ఆ బడిలో నడిచే పద్ధతి. సార్ రాని పీరియడ్‌లో పిల్లలు ఏం చేస్తున్నరు? చీపురు ఎవరి చేతికి ఇస్తున్నరు, అందరికా, ఆడపిల్లలకేనా, ఒక వాడ పిల్లలకేనా? భోజనం దగ్గర వరుస ఎట్ల కూసుంటున్నది? సార్ల గదిలో పిల్లల గురించి ఎట్ల మాట్లాడుకుంటున్నరు? ‘వీళ్లకు చదువు రాదు’ అనే మాట ఆ గదిలో ఎన్నిసార్లు వినపడ్తది? నేను కొత్త బడికి పోతే మొదలు మరుగుదొడ్డి చూసేటోణ్ని, తర్వాత సార్ల గదిలో అర్ధగంట నోరు మూసుకొని కూసునేటోణ్ని. మిగతా రిపోర్టు అక్కర లేకపోయేది.

పొద్దున ప్రార్థన సంగతి తీసుకోండి. దేశమంతా బడిపిల్లలు చేసే ప్రతిజ్ఞను రాసింది మనాయనే. నల్లగొండ దగ్గరి అన్నెపర్తిల పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగ ఉన్నప్పుడు రాసిండు. చానాకాలం పాఠ్యపుస్తకంలో ప్రతిజ్ఞ ఉండేది, రాసినాయన పేరు ఉండకపోయేది. ఇప్పటికీ ఎన్ని బడుల్లో పిల్లలకు ఆ పేరు చెప్తున్నరు? ఆ ప్రతిజ్ఞను పిల్లలు రోజూ నోటికి అప్పజెప్తరు. ఒక్కరోజు ఆగి, దీన్ని మన పక్క ఊరాయన రాసిండు, ట్రెజరీలో బిల్లులు పాస్ చేసుకుంట రాసిండు అని చెప్తే ఐదో తరగతి పిల్ల కండ్లు ఎట్ల మెరుస్తయో చూడండి. ఆ చెప్పుడే సంస్కృతి. దానికి బడ్జెట్ అక్కర లేదు.

భాష సంగతి కూడా అంతే. 2014 నుంచి కాళోజీ పుట్టినరోజు, సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం చేస్తున్నం. మంచి పని. బడిలో పిల్లగాడు ‘ఒస్తున్న సార్’ అంటే మాత్రం ఇప్పటికీ కొంతమంది సార్లు నవ్వుతరు. పొద్దున పండుగ చేసి పగటీలి పిల్ల భాషను వెక్కిరిస్తే ఏం లాభం? 2022–23 నుంచి ఇంగ్లిష్ మీడియం పెట్టిన్రు. తల్లిదండ్రులు కోరుకున్నది, నేను వ్యతిరేకిని కాను. కూలి చేసేటామె తన బిడ్డకు ఇంగ్లిష్ కావాలంటే వద్దనే హక్కు, తన పిల్లలను ఇంగ్లిష్ బడికి పంపిన నాకు లేదు. అయితే ఆ పిల్ల ఇంటి మాట మీద నిలబెట్టి ఇంగ్లిష్ నేర్పాలె. ఇంటి మాటను తొక్కి నేర్పితే పిల్లకు రెండూ రావు, నోరు మూసుకొని కూసునుడు ఒక్కటే వస్తది.

గురుకులం చెప్పిన పాఠం

నాయకత్వం ఉంటే ఏమైతదో మనకు తెల్వక కాదు. 1971లో పీవీ నరసింహారావు హయాంలో సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. ఊరి పిల్లల్లో చురుకైనోళ్లను ఒక్కచోట పెట్టి, ప్రిన్సిపాల్‌ను, టీచర్లను వాళ్ల మధ్యనే ఉంచి చదివిస్తే ఏమొస్తదో ఆ బడి చూపించింది. ఎస్.ఆర్. శంకరన్ గారు దళిత పిల్లలకు సాంఘిక సంక్షేమ గురుకులాల దారి వేసిండు. 2012 నుంచి 2021 దాకా ఆ సొసైటీకి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ కార్యదర్శిగ ఉన్నడు. 2014 మే 25న ఆ గురుకులాల పిల్ల మాలావత్ పూర్ణ, ఇంకా పద్నాలుగేండ్లు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. తోటి విద్యార్థి ఆనంద్‌కుమార్ కూడా ఎక్కిండు. ఆయన రాజకీయాల గురించి ఎవరి అభిప్రాయం వాళ్లది. నేను చూసేది ఒక్కటే. ఒకే మనిషి ఒకే కుర్చీలో తొమ్మిదేండ్లు ఉన్నడు. పిల్లల ఆత్మగౌరవం గురించి ఒకే మాట తొమ్మిదేండ్లు చెప్పిండు. మామూలు జిల్లా పరిషత్ బడికి ఆ తొమ్మిదేండ్లలో ఎంతమంది ఇన్‌చార్జీలు మారి ఉంటరో లెక్క పెట్టుకోండి.

ఇందులో ఇంకో ముచ్చట ఉన్నది. రాష్ట్రం వచ్చినంక గురుకులాలు పెరిగి వెయ్యి దాకా చేరినయి. ప్రతి ఏడు ఐదో తరగతిలో ప్రవేశ పరీక్ష పెడ్తరు. ఊరి బడిలో చదివే చురుకు పిల్లలు అటు పోతరు. పైసలున్నోళ్ల పిల్లలు ప్రైవేటు బస్సెక్కుతరు. ఊరి బడిలో ఎవరు మిగుల్తరు? వలస పోయేటోళ్ల పిల్లలు, తండ్రి లేని పిల్లలు, పరీక్ష రాయించే దిక్కు లేని పిల్లలు. అందరికంటే మంచి సార్ అవసరం వాళ్లకే. వాళ్లకే ఇన్‌చార్జిని ఇస్తున్నం. తర్వాత పిల్లలు తక్కువున్నరు, బడి మూద్దాం అంటున్నం. గురుకులాలను తిట్టేది కాదు ఇది. 2024లో విషాహారం ఘటనలు వరుసగ జరిగితే అక్కడి పిల్లలు కూడా ఎంత ఆగమైన్రో చూసినం. గురుకులం కూడా నిలబడాలె. దాన్ని నిలబెట్టే పేరుతో ఊరి బడిని పండబెట్టొద్దు.

కమిటీలు ఎవరి కోసం?

2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టంలో 21, 22 సెక్షన్లు చదవండి. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలె, సగం మంది ఆడవాళ్లు ఉండాలె. బడి అభివృద్ధి ప్రణాళిక ఆ కమిటీ తయారుచేయాలె, నిధులు దాన్ని బట్టే రావాలె. చట్టంలో ఎంత చక్కగ రాసిన్రు! జరిగేది ఏంది? ప్రణాళిక ఫారం పైనుంచి వస్తది. హెడ్మాస్టర్ ఒక రాత్రిలో నింపుతడు. తెల్లారి తల్లులతోటి సంతకాలు పెట్టించుకుంటరు. 2022లో వనపర్తిలో ‘మన ఊరు–మన బడి’ మొదలైంది. 26,065 బడులు, 7,289 కోట్లు అని ప్రకటించిన్రు. కొన్ని బడులు నిజంగనే మారినయి, నేను చూసిన. చానాచోట్ల కమిటీ చైర్మన్లు అప్పుదెచ్చి పనులు చేయించి బిల్లుల కోసం తిరిగిన్రు. అట్ల తిరిగిన తండ్రి మళ్లీ బడి గడప తొక్కుతడా? 2023 డిసెంబర్‌లో సర్కారు మారింది, 2024లో మహిళా సంఘాలతోటి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చినయి. బడి ఊడ్చేటందుకు పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3 వేల నుంచి 20 వేల దాకా ఇస్తమన్నరు. ఇది మంచి పనే, కరోనా కాలంలో స్వచ్ఛ కార్మికులను తీసేసినంక ఎన్ని బడుల్లో టీచర్లు, పిల్లలే చీపురు పట్టిన్రో నాకు తెలుసు. అయితే సర్కారు మారినప్పుడల్లా కమిటీ పేరు మారితే, అది ఊరి కమిటీ ఎట్లయితది?

ఇప్పుడు మనం అడగాల్సింది ఏంది? రాష్ట్రం వస్తే మన కొలువులు మనకొస్తయి అని కొట్లాడినం. కొలువు వచ్చింది, కుర్చీ మాత్రం ఇంకా ఇన్‌చార్జిదే. ప్రతి ప్రాథమిక బడికి హెడ్మాస్టర్ పోస్టు కావాలె, ఎల్‌ఎఫ్‌ఎల్ తోక లేకుండ. ప్రతి మండలానికి సొంత ఎంఈవో ఉండాలె. హెడ్మాస్టర్‌ను కనీసం ఐదేండ్లు ఒక్కచోట ఉంచాలె. ఆ ఐదేండ్లకు లెక్క అడగాలె, పదో తరగతి పాస్ శాతం ఒక్కటే కాదు, మూడో తరగతి పిల్ల చదువుతున్నదా అనేది కూడా అడగాలె. నూరు శాతం ఫలితం కోసం తొమ్మిదిలోనే బలహీన పిల్లలను సాగనంపే బడులు ఉన్నయి, ఆ సంగతి ఈ హాల్లో ఉన్న టీచర్లందరికీ తెలుసు. గుమాస్తా పనికి గుమాస్తాను ఇయ్యాలె. చట్టంలో 27వ సెక్షన్ జనగణన, ఎన్నికలు, విపత్తులు తప్ప వేరే పనికి టీచర్‌ను పంపొద్దన్నది, దాన్ని అమలు చేయాలె.

ఉద్యోగ మిత్రులను ఒక మాట అడుగుత, కోపానికి రావొద్దు. మనం సర్కారు జీతం తింటున్నం, మన పిల్లలు సర్కారు బడిలో లేరు. అందుకే ఊరి బడి మీటింగులో మన గొంతు లేదు. పిల్లలను పంపుమని ఇప్పుడు అడుగుతలేను, అది మీ ఇంటి నిర్ణయం. కనీసం మీరు చదువుకున్న బడికి ఏడాదికి రెండుసార్లు పోండి. ఫ్యాను ఇచ్చి ఫోటో దిగేటందుకు కాదు. పోయి కమిటీ తీర్మానాల పుస్తకం అడగండి. హెడ్మాస్టర్ పోస్టు మంజూరై ఉన్నదా, ఖాళీ ఎప్పటి నుంచి ఉన్నది అని సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు పెట్టండి. విద్యార్థి తమ్ముళ్లు, చెల్లెళ్లు, మీరు ఈ నెలలో మీ మండలంలో ఎన్ని బడులకు హెడ్మాస్టర్ ఉన్నడు, ఎన్నింటికి ఇన్‌చార్జి ఉన్నడు, ఎన్నింటిలో ఒక్కరే టీచర్ ఉన్నరు అని రాసి తీసుకురండి. ఒక నోట్‌బుక్ చాలు. ఊరి పేరు, బడి పేరు, ఇన్‌చార్జి ఎప్పటి నుంచి, తరగతికి ఎంతమంది పిల్లలు. ఇన్‌చార్జి సార్ పేరు రాయకండి, ఆయన మీద కాదు మన పంచాయితీ. వచ్చే సభకు ఆ నోట్‌బుక్కులు తెండి. నేను ఉపన్యాసం చెప్పను, అవే చదువుదాం.

సెలవు.